నల్లరేగడి నేలలో ఆటస్థలం



వేసవి సెలవులు దగ్గరపడగానే విచారణలలో తల్లిదండ్రుల నోట ఒక మాట తరచు వినిపిస్తుంది. "పిల్లలు సెల్‌ఫోను వదలడం లేదు. బయటికి పంపుదామంటే రోడ్డుమీద బండ్లు. ఊళ్లో ఆడుకునే జాగా లేదు. మన పెరట్లోనే ఒక షటిల్ కోర్టు వేద్దామనుకుంటున్నాం." ఇది మంచి ఆలోచన. ఇందుకు సంతోషించాలి. అయితే గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కర్నూలు, నంద్యాల ప్రాంతాలలోను, తెలంగాణలో ఆదిలాబాదు వైపున ఉన్న పల్లెలలోను ఈ ఆలోచన చేసే కుటుంబాలలో చాలామంది కాళ్లకింద ఉన్నది నల్లరేగడి నేల. ఆ నేల గుణం తెలియక వేసిన కోర్టు రెండు వర్షాకాలాలు దాటకముందే బీటలు వారుతుంది. డబ్బు పోతుంది, పిల్లల సంబరం చల్లారిపోతుంది. ఆ నేలలో కోర్టు నిలబడాలంటే ఏం చేయాలో ఈ వారం కలిసి ఆలోచిద్దాం. పెరటి మట్టి మన కుటుంబాల గురించి కూడా ఒక మాట చెబుతున్నది. దానినీ ఆలకిద్దాం.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. ఆటల గురించి దైవసందేశపు పుటలో రాయడమేమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చు. జెకర్యా ప్రవక్త యెరూషలేముకు రాబోయే మంచి రోజులను వర్ణిస్తూ రెండు గుర్తులు చెప్పాడు. చేతికర్రలు పట్టుకున్న ముసలివారు నిశ్చింతగా వీధులలో కూర్చుంటారు. ఆ వీధుల నిండా బాలబాలికలు ఆడుకుంటూ ఉంటారు (జెకర్యా 8:4-5). ప్రభువు తన ప్రజలమధ్య నివసిస్తున్నాడనడానికి పిల్లల ఆట ఒక ఆనవాలన్నమాట. ప్రవక్త బాలురను మాత్రమే చెప్పి ఊరుకోలేదు, బాలికలనూ చెప్పాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

పునీత డాన్ బోస్కో గారి చరిత్ర మీకు తెలిసినదే. ఇటలీ దేశంలోని ట్యూరిన్ పట్టణంలో దిక్కులేని కుర్రవాళ్లను చేరదీసి, ప్రార్థన, చదువు, ఆట అనే మూడింటినీ కలిపి నేర్పారు. పిల్లల గోల భరించలేక ఒక్కొక్క చోటినుంచి వారిని వెళ్లగొట్టారు. ఒక పొలం యజమానులైతే, పిల్లలు తొక్కిన తొక్కుడుకు గడ్డి వేళ్లతో సహా చచ్చిపోతున్నదని చెప్పి ఖాళీ చేయించారు. చివరకు 1846లో పాస్కా పండుగ నాటికి వల్దొక్కో అనే చోట పినార్ది అనే ఆసామి షెడ్డు ఒకటి దొరికింది. అది ఎంత పొట్టిదంటే, గుడిగా వాడుకోవడానికి లోపలి నేలను తవ్వి లోతు చేయవలసి వచ్చింది. సలేషియన్ సభ వారి పని ప్రపంచమంతా వ్యాపించడానికి ఆరంభం అటువంటి చోట జరిగింది. పిల్లలకు ఒక జాగా చూపడం చిన్న పని కాదని డాన్ బోస్కో గారికి తెలుసు.

మన కాలంలోనూ తిరుసభ ఇదే చెబుతున్నది. 2018 జూన్ 1న వాటికన్‌నుండి క్రీడల విషయమై ప్రత్యేకంగా ఒక పత్రం వెలువడింది. 2025 జూబిలీ సంవత్సరంలో జూన్ 14, 15 తేదీలలో రోములో క్రీడాకారుల జూబిలీ జరిగింది. ఆ ఆదివారపు దివ్యబలిపూజలో 14వ లియో జగద్గురువులు, ఆట మనిషిని ఒంటరితనంనుండి బయటికి తెస్తుందని, తెరల లోకంనుండి నిజమైన మనుషుల మధ్యకు తీసుకువస్తుందని, ఓడిపోవడం కూడా నేర్పుతుందని బోధించారు. ఓటమి తెలియక, ఒక్క పరీక్ష తప్పితే జీవితమే లేదనుకునే బిడ్డలు మన ఇళ్లలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఆ చివరి మాటను మనసులో దాచుకోవాలి.

ఇక నేల దగ్గరకు వద్దాం.

నల్లరేగడి మన రైతుకు తల్లివంటిది. పత్తి, మిరప, శనగ దానిలోనే పండుతాయి. నీటిని పట్టి ఉంచుకునే గుణమే దానికి బలం. కాని కట్టడానికి అదే గుణం కష్టం తెచ్చిపెడుతుంది. ఆ మట్టిలో మాంట్‌మోరిల్లనైట్ అనే బంకఖనిజం ఉంటుంది. పలుచని రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉండే దాని పొరలమధ్యకు నీరు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. అందువల్ల తడిస్తే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేయి దూరేటంత నెర్రెలు విచ్చేది అందుకే. వానలకు అవే నెర్రెలు మూసుకుపోయి నేల పైకి లేస్తుంది. ఏటేటా నేల ఇలా ఊపిరి పీల్చి వదులుతూ ఉంటుంది.

మే నెలలో ఎండకు ఎండిన అటువంటి నేలను చదును చేసి, నాలుగు అంగుళాల కాంక్రీటు పోసి, పైన ఆకుపచ్చ రంగు వేశారనుకోండి. చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది. జులైలో వానలు పడతాయి. కాంక్రీటు నడిమి భాగం కింది మట్టికి వాన తగలదు, అది పొడిగానే ఉంటుంది. అంచుల దగ్గరి మట్టి మాత్రం తడిసి ఉబ్బి, అంచులను పైకెత్తుతుంది. మధ్యలో కాంక్రీటు ఆధారం లేక వేలాడి పగులుతుంది. కొన్నాళ్లకు కింద తేమ చేరి మధ్యభాగం ఉబ్బుతుంది. మరుసటి వేసవిలో గాలీ ఎండా తగిలి అంచుల మట్టి ఎండి కుంగిపోతుంది. ఈసారి అంచులు వేలాడి విరుగుతాయి. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు అన్న మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ కోర్టును పగలగొట్టినది ఏది? వాన అందామా? నేలంతా సమానంగా తడిసి ఉంటే కోర్టు అంతా ఒక్కలాగే లేచేది, పగిలేది కాదు. ఎండ అందామా? అంతా సమానంగా ఎండినా ఇంత నష్టం జరిగేది కాదు. ఒకచోట తడి, ఒకచోట పొడి. ఆ తేడాయే దానిని విరిచింది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఈనాటి సందేశమంతా దానిలోనే ఉన్నది.

ఇల్లు కట్టిన ఇద్దరు మనుషుల ఉపమానాన్ని మత్తయి, లూకా ఇద్దరూ రాశారు. మత్తయి సువార్తలో బుద్ధిహీనుడు ఇసుకమీద కట్టాడు (మత్తయి 7:24-27). లూకా సువార్తలో ఇసుక ప్రస్తావన లేదు. రెండవవాడు పునాది లేకుండా ఒట్టి నేలమీద కట్టాడని ఉన్నది (లూకా 6:47-49). మనవంటి రైతు నేలవంటిదే కావచ్చు, పంటకు మంచి నేలే కావచ్చు. మరొక తేడా కూడా చూడండి. మొదటివాడు లోతుగా తవ్వాడని లూకా మాత్రమే చెబుతున్నాడు. రాయి పైకి కనిపిస్తూ లేదు. తవ్వితేనే దొరికింది. ఇద్దరి ఇళ్లూ బయటికి ఒకేలాగ కనిపించి ఉండవచ్చు. తవ్వినవాడి చెమట వరద వచ్చిన రోజునగాని ఎవరికీ తెలియలేదు. ప్రభువు మాట విని, దాని ప్రకారం నడుచుకునేవాడు అటువంటివాడని యేసు ప్రభువు చెప్పారు.

కనుక మొదటి పని, నేలను తెలుసుకోవడం. ఇంజినీర్లు దీనికి ఒక సులువైన పరీక్ష చేస్తారు. ఎండబెట్టి మెత్తగా జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రలలో వేస్తారు. ఒకదానిలో నీళ్లు, మరొకదానిలో కిరోసిన్ పోస్తారు. 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటి తేడానుబట్టి నేల గుణం తెలుస్తుంది. కిరోసిన్‌లో ఉన్నదానికన్న నీళ్లలోని మట్టి సగానికి మించి పెరిగితే, ఆ మట్టిమీద నేరుగా ఏదీ కట్టకూడదు. ఎంతో ఖర్చు పెట్టబోయేవారు ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒకే గుప్పెడు మట్టి ఒక పాత్రలో శాంతంగాను, మరొక పాత్రలో ఉబ్బిపోయి కనిపిస్తుంది. మనమూ అంతే. కొందరి దగ్గర మనం ఎంతో ఓర్పుగలవారం. ఇంట్లో ఒక్క మాట పడగానే ఉబ్బిపోతాం. ఏ మాట తగిలితే నాలో కోపం పొంగుతుంది, ఏ విషయంలో నా గర్వం లేస్తుంది అని రాత్రి నిద్రకు ముందు ప్రభువు ఎదుట నిలిచి చూసుకోవడమే ఆత్మపరిశోధన. ఆ పరీక్ష లేకుండా పాపసంకీర్తనానికి వెళితే, మట్టి చూడకుండా కాంక్రీటు పోసినట్లే ఉంటుంది.

రెండవ పని, తవ్వి తీయడం. కోర్టు వేసే చోట గడ్డి, వేళ్లు, పైనున్న నల్లమట్టి తీసివేయాలి. సిమెంటు కోర్టు అయితే రెండు మూడు అడుగుల లోతైనా తీయడం మేలు. ఆ గుంటను దేనితో నింపాలి? ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఇసుక చవకగా దొరికిందని ఇసుకతోనో, ఒట్టి కంకరతోనో నింపుతారు. చుట్టూ నల్లరేగడి, మధ్యలో ఇసుక. అంటే అది ఒక తొట్టి అయింది. వాననీరు ఆ ఇసుకలోకి దిగి, బయటికి పోయే దారిలేక నిలిచి, అడుగున ఉన్న బంకమట్టిని నెలల తరబడి నానబెడుతుంది. రోగానికి మందు వేయబోయి రోగాన్ని పెంచినట్లవుతుంది. కొద్దిగా జిగురు ఉండి, తడిస్తే ఉబ్బని ఎర్ర గ్రావెల్ మట్టితోనే నింపాలి. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్.కె. కట్టి గారు ఎన్నో ఏళ్లు పరిశోధించి, జిగురు ఉండి ఉబ్బని మట్టి పొర ఒక మీటరు మందాన పైన ఉంటే కింది నల్లరేగడి ఉబ్బు అణిగి ఉంటుందని చూపారు. మన కాలువల కట్టడాలలో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. నింపేటప్పుడు ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, తగినంత నీరు చల్లి, ప్రతి పొరనూ రోలరుతోనో దిమ్మిసతోనో గట్టిపరచాలి. ఒక్కసారే మూడడుగులు పోసి పైపైన తొక్కితే లాభం లేదు.

చెడు అలవాటు ఒకటి మానివేసి, ఆ ఖాళీని దేనితోనూ నింపని మనిషిని గురించి ప్రభువు చెప్పిన మాట మీకు గుర్తున్నదా? ఊడ్చి శుభ్రం చేసిన ఇంటిలోకి మరి ఏడు అపవిత్రాత్మలు వచ్చి చేరాయి (లూకా 11:24-26). బిడ్డ చేతినుండి ఫోను లాగివేయడం తవ్వి తీయడంవంటిది. ఆ గంటను దేనితో నింపబోతున్నారు? నాన్న ఎదురుగా నిలబడి నెట్టుకు అవతలినుంచి షటిల్ కొట్టకపోతే, అమ్మ పక్కన కూర్చొని పాయింట్లు లెక్కపెట్టకపోతే, ఆ గుంటలో నిలిచేది మురికినీరే. పొరలు పొరలుగా, రోజుకు కొంచెంగా బిడ్డకు సమయం ఇవ్వండి. ఏడాదికి ఒకసారి విహారయాత్ర పేరుతో అంతా ఒక్కసారే పోస్తే అది గట్టిపడదు.

మట్టి తీసి పోయడానికి స్తోమత చాలనివారికి మరొక మార్గం ఉన్నది. అది సున్నం. నల్లమట్టిని బాగా పొడిచేసి తగిన పాళ్లలో సున్నం కలిపి, తడిపి, కొంతకాలం ఉంచి దిమ్మిస వేస్తారు. మామూలుగా మట్టి బరువులో 3 నుండి 8 శాతం వరకు పడుతుంది. ఎంతన్నది మట్టిని పరీక్షించి నిర్ణయించాలి. సున్నంలోని కాల్షియం మట్టి రేణువులను పట్టుకొని వాటి గుణాన్నే మార్చివేస్తుంది. జిగట తగ్గుతుంది, ఉబ్బు తగ్గుతుంది, గట్టిదనం వస్తుంది. మట్టి అదే, చోటు అదే, గుణం మారింది. అయితే జాగ్రత్త! కాల్చిన సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. ఈ పనికి పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. పనివారికి చేతితొడుగులు, కళ్లద్దాలు ఇవ్వండి. కూలివాని కళ్లు మన బిడ్డ ఆటకన్న తక్కువ విలువైనవి కావు.

దైవానుగ్రహం కూడా ఇలాగే పనిచేస్తుంది. దేవుడు మనలను తవ్వి పారవేయాలనుకోలేదు. నేలమంటితోనే మనిషిని చేశాడు. యిర్మీయాను కుమ్మరి ఇంటికి పంపి, చెడిపోయిన మట్టిముద్దనే తీసుకొని కుమ్మరి మరొక పాత్రను చేయడం చూపించాడు (యిర్మీయా 18:1-6). యేసు ప్రభువు ఉమ్మితో బురద చేసి పుట్టుగుడ్డివాని కళ్లకు పూశారు (యోహాను 9:6). మంటిని అసహ్యించుకోని దేవుడు మన దేవుడు. "మావాడు ఇంతే, మారడు" అని ఏ బిడ్డ విషయంలోనూ అనకండి. జ్ఞానస్నానమందు, దివ్య సత్ప్రసాదమందు అందే కృప మట్టిని ఆ మట్టిగానే ఉంచి దాని గుణం మారుస్తుంది. దానికి కొంత కాలం పడుతుంది. సున్నం కలిపిన నాడే ఎవరూ ఫలితం అడగరుగదా!

మూడవ పని, నీటికి దారి చూపడం. కోర్టు ఒకవైపునుండి మరొకవైపునకు నూటికి ఒక వంతు వాలు ఉండాలి. షటిల్ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లు. వెడల్పు వెంబడి వాలు పెడితే ఈ అంచుకూ ఆ అంచుకూ ఆరు సెంటీమీటర్ల తేడా చాలు. వాలును పొడవు వెంబడి పెట్టకూడదు. అలా పెడితే ఒక జట్టు ఎగువన, ఒక జట్టు దిగువన ఉంటుంది. డాబామీది వాననీరు, స్నానాలగది నీరు, అంట్లు తోమిన నీరు కోర్టు పక్కన చేరకుండా కాలువ తీయాలి. అంచుల చుట్టూ మూడడుగుల మేర గట్టి చప్టా వేస్తే లోపలి తేమ త్వరత్వరగా మారకుండా ఉంటుంది. వేపవంటి పెద్ద చెట్టు పక్కన ఉంటే అది వేసవిలో నేలలోని తేమను తాగి ఒకవైపు నేలను కుంగదీస్తుంది. చెట్టు ఎంత ఎత్తో కనీసం అంత దూరంలో కోర్టు ఉండడం మేలు. అందుకని చెట్టు నరకకండి, కోర్టునే కొంచెం జరపండి. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెట్టుకుంటే ఉదయం, సాయంత్రం ఎండ ఎవరి కళ్లలోనూ సూటిగా పడదు.

నెర్రెలు విచ్చిన నడివేసవిలో గాని, నేల నాని ఉన్న ముసురులో గాని కాంక్రీటు పోయవద్దు. పోసిన తరువాత కనీసం వారం రోజులు, మనం ఇప్పుడు ఎక్కువగా వాడే పి.పి.సి. సిమెంటుకైతే పది రోజులు, తడి ఆరకుండా నీళ్లు కట్టాలి. పిల్లలు తొందరపడతారు. ఓపిక పట్టమని చెప్పండి. ఓపిక కూడా ఆటలో భాగమే.

ఇంత ఖర్చు మాకెక్కడిది అని అడిగే కుటుంబాలే మన విచారణలలో ఎక్కువ. వారికి ఒక మంచి మాట. సిమెంటు లేకుండా, పైనున్న నల్లమట్టి అడుగు మేర తీసి, ఎర్ర గ్రావెల్ పొరలుగా పోసి, నీరు చల్లి రోలరు తిప్పి, సున్నంతో గీతలు గీస్తే చాలు. రెండు వెదురు గుంజలు, ఒక నెట్టు. నల్లరేగడిలో మట్టి కోర్టే ఒక విధంగా మేలైనది. నేల కదిలితే అదీ కదులుతుంది. బీట కనబడితే రెండు తట్టల గ్రావెల్ పోసి, తడిపి తొక్కితే మళ్లీ బాగవుతుంది. సిమెంటు పగిలితే అతుకే. మట్టి కోర్టును ప్రతి వర్షాకాలం తరువాత చూసుకోవాలి, అంతే. అడగడానికి సిగ్గుపడి, క్షమాపణ చెప్పడానికి బిగుసుకుపోయి, విరిగిపోయే కుటుంబాలకన్న, చిన్న చిన్న బీటలను ఆ రోజుకారోజు పూడ్చుకునే పేద కుటుంబం ఎంతో గట్టిది. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడువమని పునీత పౌలు గారు చెప్పినది ఇందుకే (ఎఫెసీ 4:26).

ఇప్పుడు మొదట మనసులో పెట్టుకోమన్న మాట దగ్గరకు వద్దాం. కోర్టును విరిచేది తడి పొడుల మధ్య తేడా. కుటుంబాన్ని విరిచేది కూడా అదే.

మన విశ్వాస జీవితం చూసుకుందాం. క్రిస్మస్‌కు, పాస్కాకు, విచారణ పండుగకు వరద. మిగిలిన రోజులంతా కరవు. ఆ రాత్రి పూజకు కొత్తబట్టలు, పాటలు, కన్నీళ్లు. తరువాత నెలల తరబడి ఇంట్లో జపమాల లేదు, వాక్యపఠనం లేదు. వరద, కరవు, వరద, కరవు. బంకనేల ఎందుకు బీటలు వారుతుందో అందుకే మన ఆత్మా బీటలు వారుతుంది. నల్లరేగడిలో ఇళ్లు కట్టేవారు అండర్ రీమ్డ్ పైల్స్ అనే స్తంభాలు వేస్తారు. అడుగున గడ్డవలె ఉబ్బిన ఆ స్తంభాలను మామూలుగా మూడున్నర మీటర్ల లోతుకు దించుతారు. ఎందుకంటే, ఆ లోతులో ఎండాకాలమైనా వానాకాలమైనా తేమ దాదాపు ఒక్కలాగే ఉంటుంది. ఋతువులు చేరని లోతు అది. మన ఇళ్లలో రాత్రి భోజనానికి ముందు పది నిమిషాల ప్రార్థన అటువంటి లోతు. పైన పంట పండినా ఎండినా, ఉద్యోగం వచ్చినా పోయినా, అక్కడ తేమ ఆరదు.

ఇక బిడ్డల మధ్య తేడా. పెద్దవాడు చదువుతాడని వాడికి అన్నీ. చిన్నవాడికి మందలింపులు. కొడుకు ఆడుకోవచ్చు, కూతురు అంట్లు తోమాలి. ఒక అంచుకు నీరు, ఒక అంచుకు ఎండ. ఆ ఇల్లు నిలుస్తుందా? పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవారే. కూతురి చేతికి రాకెట్టు ఇవ్వడానికి వారు వెనుదీయలేదు. 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో టోక్యోలో కాంస్యం ఆ బిడ్డ తెచ్చింది. మీ పాప ఒలింపిక్స్‌కు వెళ్లనక్కరలేదు. సాయంత్రం ఒక గంట నవ్వుతూ ఆడుకోవాలి, అంతే. జెకర్యా ప్రవక్త చూసిన వీధిలో బాలికలూ ఉన్నారు. మీ పెరటి కోర్టులో ఉన్నారా?

మరొక ప్రశ్న ఇంకా కష్టమైనది. అయినా అడగక తప్పదు. మీ పెరట్లోకి ఆడడానికి ఎవరి పిల్లలు రావచ్చు? ఆదివారం ఒకే పీఠం దగ్గర ఒకే క్రీస్తు శరీరాన్ని స్వీకరించిన పిల్లలలో ఫలానా వీధివాడు గేటు దాటకూడదని, ఫలానా కులంవాడు మన రాకెట్టు ముట్టకూడదని, మాటతో కాకపోయినా చూపుతో చెప్పే ఇళ్లు మనలో లేవా? బంగారు ఉంగరంవానికి కుర్చీ, మాసిన బట్టలవానికి నేల చూపినవారిని యాకోబు గారు గట్టిగా మందలించారు (యాకోబు 2:1-4). పెద్దల మనసులలోని ఎత్తుపల్లాలు పిల్లల కోర్టులో బీటలై కనిపిస్తాయి. నెట్టుకు ఇరుపక్కలా ఉన్న నేల ఒకే మట్టం. ఇరువైపులా కొలతలు ఒకటే. ఆ గీతల లోపల ఎవరి కులమూ, ఎవరి డబ్బూ పాయింటు తేదు. మీ బిడ్డ ఆ పాఠాన్ని మీ పెరట్లోనే నేర్చుకోగలడు, మీరు గేటు తీస్తే. పొరుగున ఉన్న హిందూ, ముస్లిం సోదరుల పిల్లలకూ ఆ గేటు తీయండి. మీరు చెప్పే ఎన్నో మాటలకన్న ఆ తీసిన గేటు క్రీస్తు ప్రభువును గురించి ఎక్కువ సాక్ష్యమిస్తుంది.

కాబట్టి ప్రియులారా, కోర్టు వేయాలనుకున్న కుటుంబాలు ఈ నెలలోనే మట్టిని పరీక్ష చేయించండి. తొందరపడి నడివేసవిలో పోయకండి. పైకి కనిపించే రంగుకన్న కింద కనిపించని పనికి ఎక్కువ డబ్బు, ఎక్కువ రోజులు కేటాయించండి. స్తోమత లేనివారు మట్టి కోర్టు వేసుకోండి, తక్కువతనం అనుకోవద్దు. పెరడు లేనివారు నలుగురైదుగురు కుటుంబాలవారు కలిసి, విచారణ గురువులను అడిగి, గుడి ఆవరణలో ఒక మూల బాగుచేసుకోండి. గునపం పట్టే రోజున పిల్లలనూ పిలవండి. తాము మోసిన తట్టలమీద తాము ఆడుకున్న పిల్లలు ఆ స్థలాన్ని ఎన్నటికీ మరువరు. ఆట మొదలుపెట్టే ముందు ఒక పరలోకజపం, ఒక మంగళవార్తజపం చెప్పుకోండి. ఆట ముగియగానే, గెలిచినవాడు ముందుగా వెళ్లి ఓడినవానికి చేయి అందించాలని నియమం పెట్టండి.

విభూది బుధవారంనాడు గురువులు మన నుదుటిమీద బూడిద ఉంచి, మనం మంటివారమని గుర్తు చేస్తారు. మనం ఏ మట్టివారమో మనకు తెలుసు. త్వరగా ఉబ్బేవారం, త్వరగా ఎండేవారం, త్వరగా బీటలు వారేవారం. అయినా దేవుడు ఈ నేలను వదిలి మరొక నేలను వెతుక్కోలేదు. తన కుమారుని ఈ నేలమీదికే పంపాడు. ఆయన మన లోతులలోకి దిగి తవ్వుతున్నాడు. ఆ గునపం దెబ్బకు నొప్పి కలిగినప్పుడు పని ఆపమని అడగవద్దు.

ప్రేమగల తండ్రీ, మమ్ము మంటితో చేసినవాడా, మా ఇళ్లకు లోతైన పునాది దయచేయండి. మా బిడ్డలకు ఆడుకొనే చోటును, వారితో ఆడుకొనే మనసును మాకు ప్రసాదించండి. మా పెరళ్ల గేట్లను, మా హృదయాల గేట్లను తెరవండి. పునీత డాన్ బోస్కో గారి వేడుదలవలన మా యువతను కాపాడండి. మా ప్రభువైన యేసు క్రీస్తు నామమున వేడుకొంటున్నాము. ఆమెన్.